వేపగింజ గుట్టు విప్పిన అయస్కాంతం

జూన్ వచ్చిందంటే చాలు, ఓరుగల్లు పల్లెల్లో వేపచెట్ల కింద పసుపుపచ్చని పండ్లు పరుచుకుంటాయి. పిల్లలు తొక్కుకుంటూ పోతారు. కాకులు తిని గింజలు రాలుస్తాయి. ముందుచూపున్న రైతు మాత్రం వాటిని ఏరి, కడిగి, నీడన ఆరబెట్టి సంచిలో దాస్తాడు. పత్తి చేలో పురుగు కనిపించేవేళకు ఆయనకు అదే మందు. ఐదు కిలోల గింజల పొడి, వంద లీటర్ల నీళ్లు, ఓ రాత్రంతా నానబెట్టడం, పల్చటి గుడ్డలో వడకట్టడం, కాస్త సబ్బుపొడి... కషాయం సిద్ధం!

వేప చేదు కాబట్టి పురుగు పారిపోతుందని చాలామంది అనుకుంటారు. చేదొక్కటే అయితే కాకరకాయ కషాయమూ పనిచేయాలిగా! అసలు కిటుకు ఆ గింజలో దాగిన ఒకానొక అణువుది. దాని పేరు అజాడిరక్టిన్. శాస్త్రవేత్తలు దాన్ని 1968లోనే గింజలోంచి విడదీశారు. కానీ అది ఏ రూపంలో ఉందో, దానిలో ఏ పరమాణువు పక్కన ఏది కూర్చుందో సరిగ్గా తేలేసరికి 1985 వచ్చింది. అంటే... పదిహేడేళ్లు!

ఆ చిక్కుముడిని విప్పడంలో పెద్దచెయ్యి ఓ అయస్కాంతానిది. ఆసుపత్రిలో ఎమ్మారై స్కాన్‌ తీసే యంత్రానికి అది తోబుట్టువు. పేరు న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్, పొట్టిగా ఎన్‌ఎంఆర్. ఎమ్మారై మనిషి లోపల చూస్తుంది. ఎన్‌ఎంఆర్ అణువు లోపల చూస్తుంది. రెండింటి సూత్రమూ ఒకటే. 'న్యూక్లియర్' అన్న మాట వింటే రోగులు బెదిరిపోతారని ఆసుపత్రుల్లో ఆ ముక్క తీసేశారు. నిజానికి ఇందులో అణుబాంబూ లేదు, రేడియో ధార్మికతా లేదు!

మిడతలు వదిలేసిన చెట్టు

1959లో సూడాన్‌ మీద మిడతల దండు విరుచుకుపడింది. పచ్చగా కనిపించిందల్లా మేసేసింది. ఆ బీడులో ఒక్క వేపచెట్టు మాత్రం నిండా ఆకులతో నిలబడి ఉండటం జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్‌రిష్ ష్ముటరర్ కంట పడింది. మూడేళ్ల తర్వాత, 1962లో, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్.ప్రధాన్ బృందం వేపగింజల పప్పును నీళ్లలో కలిపి పైరు మీద చల్లి చూసింది. మిడతలు ఆ పైరును ముట్టలేదు. మన ఊళ్లలో ధాన్యం గాదెల్లో వేపాకు వేసే అవ్వలకు ఇందులో వింతేమీ లేకపోవచ్చు. శాస్త్రానికి మాత్రం 'ఎందుకు?' అన్న ప్రశ్న మిగిలింది.

జవాబు వెతుకుతూ ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, మోర్గాన్ అనే ఇద్దరు 1968లో అజాడిరక్టిన్‌ను విడదీశారు. కిలో వేపపప్పు వెతికితే దొరికేది కొన్ని గ్రాములే. కానీ దాని పని గట్టిది. పురుగు ఆకు తినడం మానేస్తుంది. తిన్నా కుబుసం విడవలేక, ఎదగలేక ఆగిపోతుంది. పిచికారీ చేసిన గంటకే కింద పడిపోదు గానీ పంట మీద దాడి మాత్రం తగ్గుతుంది.

పురుగు మందు విషయం ఓరుగల్లుకు ఉత్త పాఠం కాదు, మానని గాయం. 1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో లద్దె పురుగు, పచ్చ పురుగు పత్తిని ఊడ్చేశాయి. రైతులు అప్పుచేసి తెచ్చిన మందులు మళ్లీమళ్లీ కొట్టారు. పురుగు చావలేదు, అప్పు తీరలేదు. వరుస ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి. మందులో అసలెంత, నకిలీ ఎంత అన్న ప్రశ్న ఆనాడు ఊరూరా వినిపించింది. డబ్బా మీద ఉన్న పేరే డబ్బా లోపల ఉందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ పేరుగల అణువు ఎలా ఉంటుందో తెలియాలి కదా!

ఒకే లెక్క... రెండు రూపాలు

అణువులో ఏయే పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టేస్తే సరిపోదా? సరిపోదు. రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ తీసుకోండి. ఒకలా కూర్చితే అది ఇథైల్ ఆల్కహాల్, అంటే మద్యంలో ఉండే ద్రవం. 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అవే తొమ్మిది పరమాణువుల్ని ఇంకోలా కూర్చితే డైమిథైల్ ఈథర్. అది మామూలు గదిలో వాయువు! ఇంట్లో ఉన్న సామాను ఒకటే, సర్దడంలోనే తేడా. ఆ సర్దుబాటునే అణువు నిర్మాణం అంటారు. మందు పనిచేసేదీ చేయనిదీ దాన్ని బట్టే.

తొమ్మిది పరమాణువులకే ఇన్ని తిప్పలు. అజాడిరక్టిన్‌లో 35 కార్బన్లు, 44 హైడ్రోజన్లు, 16 ఆక్సిజన్లు... మొత్తం 95! ఏ మామూలు సూక్ష్మదర్శినికీ ఆ అమరిక కనిపించదు. మరి తెలుసుకోవడమెలా?

ఇంటింటి సర్వే

2014 ఆగస్టు 19 తెలంగాణలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సమగ్ర కుటుంబ సర్వే రోజు. బస్సులు ఆగాయి, దుకాణాలు మూతపడ్డాయి. జనం ఇళ్లకు చేరారు. ఎన్యూమరేటర్లు గడప గడపకూ వెళ్లి ఇంట్లో ఎందరున్నారో రాసుకున్నారు. ఎన్‌ఎంఆర్ చేసేదీ అచ్చం అలాంటి సర్వేనే. అణువు ఒక ఊరు అనుకోండి. కార్బన్, ఆక్సిజన్‌లాంటివి ఇళ్లు. హైడ్రోజన్లు ఆ ఇళ్లలోని మనుషులు.

సర్వేకు ముందు అందర్నీ ఇంటిపట్టున ఉంచాలి. ఆ పని అయస్కాంతం చేస్తుంది. హైడ్రోజన్ కేంద్రకం తనకు తానే ఒక చిట్టి అయస్కాంతం. మామూలుగా ఎటుపడితే అటు తిరిగి ఉంటుంది. బలమైన అయస్కాంతం మధ్య పెడితే అలాంటి కేంద్రకాల్లో కొన్ని ఎక్కువగా ఒక దిక్కుకు మొగ్గుతాయి. ఆ మొగ్గులో కూడా తిరిగే బొంగరంలా తల ఊపుతూనే ఉంటాయి. ఇప్పుడు వాటి ఊపుకు సరిగ్గా సరిపోయే రేడియో తరంగాన్ని పంపితే అవి దాన్ని అందుకుంటాయి. ఉయ్యాల ఊగే లయ చూసుకుని తోస్తే ఎత్తుకు లేస్తుంది, లయ తప్పి తోస్తే ఆగిపోతుంది. అలాంటిదే ఇదీ. దీన్నే రెజొనెన్స్ అంటారు, తెలుగులో అనునాదం. తరంగం ఆపేశాక ఆ కేంద్రకాలు సన్నటి రేడియో సంకేతాన్ని తిరిగి పంపుతాయి. యంత్రం దాన్ని విని కాగితం మీద శిఖరాలుగా గీస్తుంది.

ఆ శిఖరాలు చూసి రసాయన శాస్త్రవేత్త నాలుగు ప్రశ్నలకు జవాబు రాబడతాడు. ఎన్ని శిఖరాలున్నాయి? అంటే ఊళ్లో ఎన్ని రకాల ఇళ్లున్నాయని. శిఖరం కింద వైశాల్యమెంత? అంటే ఆ ఇంట్లో ఎందరున్నారని. శిఖరం ఎక్కడుంది? అంటే ఆ ఇల్లు ఏ వాడలో ఉందని. ఆక్సిజన్ లాంటి ఆశపోతు పక్కనుంటే శిఖరం ఒకవైపు జరిగిపోతుంది. శిఖరం ఎన్ని ముక్కలుగా చీలింది? అంటే పక్కింట్లో ఎందరున్నారని. పక్కింట్లో ఇద్దరుంటే మూడు ముక్కలు, ముగ్గురుంటే నాలుగు ముక్కలు. మన ఇంటి గుట్టు పక్కింటివాళ్లకు తెలియడమంటే ఇదేనేమో!

1945 చివర్లో హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ బృందం మైనంలో, ఆ వెంటనే స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లాక్ బృందం నీళ్లలో ఈ అనునాదాన్ని పట్టుకున్నాయి. ఇద్దరికీ కలిపి 1952లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. రసాయన శాస్త్రానికి దీని విలువ తెలిసింది మాత్రం 1951లో. స్టాన్‌ఫర్డ్‌లోనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఇథైల్ ఆల్కహాల్‌ను యంత్రంలో పెట్టి చూస్తే ఒక శిఖరం కాదు, మూడు కనిపించాయి. వాటి వైశాల్యాలు మూడు, రెండు, ఒకటి నిష్పత్తిలో ఉన్నాయి. ఒక ఇంట్లో ముగ్గురు, పక్కింట్లో ఇద్దరు, చివరింట్లో ఒక్కరు. ఆల్కహాల్ నిర్మాణం అక్షరాలా అదే! డైమిథైల్ ఈథర్ అయితే ముగ్గురేసి ఉండే రెండు ఇళ్లు అద్దంలో బొమ్మల్లా ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక్క శిఖరమే వస్తుంది. ఇలా రెండింటి తేడా తేలిపోయింది. 1951 నాటి ఆ ముగ్గురిలో ఒకరు భారతీయుడు, ఎస్.ఎస్. ధర్మట్టి. తర్వాత ఆయన ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్‌ఎంఆర్ పరిశోధనకు పునాది వేశారు.

వేప దగ్గర బోల్తా

ఆల్కహాల్ మూడిళ్ల పల్లె అయితే అజాడిరక్టిన్ ఇరుకు సందుల పాత బస్తీ. దాని 44 హైడ్రోజన్ల శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. కొన్ని మాత్రం తేలిగ్గానే గుర్తుపట్టొచ్చు. ఆక్సిజన్ వాడలో ముగ్గురేసి ఉండే రెండు విడి ఇళ్లు ఎత్తుగా, చీలిక లేకుండా కనిపిస్తాయి. అవి రెండు మిథైల్ ఎస్టర్లు. మిగతావే తలనొప్పి.

ఇళ్లనే నేరుగా లెక్కపెడదామంటే, అంటే కార్బన్లను చూద్దామంటే, ఇంకో చిక్కు. మామూలు కార్బన్ ఎన్‌ఎంఆర్‌కు మూగది. నూటికి ఒక్కటిగా ఉండే కార్బన్-13 మాత్రమే పలుకుతుంది. ఆ గుసగుస వినాలంటే వందలు, వేలసార్లు అడిగి జవాబులన్నీ కలపాలి. 1966లో రిచర్డ్ ఎర్నెస్ట్, వెస్టన్ ఆండర్సన్ అన్ని ప్రశ్నలూ ఒకే దెబ్బలో అడిగి, జవాబుల్ని గణితంతో విడదీసే పద్ధతి కనిపెట్టాక అది వీలైంది. ఎర్నెస్ట్‌కు 1991లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

ఆ కొత్త ఆయుధంతోనే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కోజి నకనిషి బృందం 1975లో అజాడిరక్టిన్ నిర్మాణం ఇదీ అని ప్రకటించింది. ప్రపంచం నమ్మింది. ఆయన సహజ పదార్థాల రసాయనంలో ఉద్దండుడు మరి. కానీ అందులో చాలా భాగం సరిపోయినా, కొన్ని బంధాలు తప్పు చోట కలిశాయి. ఊరు సరైనదే, వీధులు కొన్ని అడ్డదిడ్డం!

పదేళ్లు అలాగే గడిచాయి. ఈలోగా అయస్కాంతాలు బలపడ్డాయి. బలం పెరిగే కొద్దీ ఇరుక్కున్న శిఖరాలు ఎడంగా జరుగుతాయి. 1985లో జర్మనీలోని హోహెన్‌హైమ్‌లో వోల్ఫ్‌గాంగ్ క్రౌస్ బృందం, లండన్‌లో స్టీవెన్ లే బృందం సరైన అమరికను బయటపెట్టాయి. మరుసటేడు, కొద్దిగా మార్చిన అజాడిరక్టిన్ స్ఫటికం మీద ఎక్స్‌రేలు ప్రసరింపజేసి చూస్తే అదే ఖాయమైంది. 1987లో మూడు బృందాలూ ఒకే పత్రిక, ఒకే సంచికలో తమ వివరాలు అచ్చువేశాయి. అందులో నకనిషి బృందం కూడా ఉంది. తప్పు తేలితే మొహం చాటేయకుండా దిద్దుకోవడం ఈ వృత్తిలో పెద్దరికం.

ఎవరి పక్కన ఎవరో తెలిసినా పని అయిపోదు. ఇల్లు ఏ వైపుకు తిరిగి ఉందో కూడా కావాలి. ఎడమచేతి చెప్పు కుడికాలికి పట్టనట్టే, అణువు మలుపు మారితే పని మారుతుంది. అజాడిరక్టిన్‌లో అలాంటి మలుపులు 16 ఉన్నాయి. ఇక్కడ పనికొచ్చేది ఎన్‌ఎంఆర్‌లోని మరో కిటుకు. వేర్వేరు వీధుల్లో ఉన్నా వెనక గోడలు ఆనుకున్న ఇళ్లవాళ్లు ఒకరి మాట ఒకరు వింటారు కదా! అలాగే బంధం లేకపోయినా దగ్గరగా ఉన్న రెండు హైడ్రోజన్లలో ఒకదాన్ని కదిపితే రెండోది ఉలిక్కిపడుతుంది. ఈ గోడచాటు మాటలన్నింటినీ ఒకే పటంలో గీసే పద్ధతిని 1980లో ప్రొటీన్ల కోసం తయారుచేసిన ముగ్గురిలో బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన అనిల్ కుమార్ ఒకరు. మిగతా ఇద్దరు రిచర్డ్ ఎర్నెస్ట్, కర్ట్ వుత్రిక్. ప్రొటీన్ల రూపాలు తేల్చినందుకు వుత్రిక్‌కు 2002లో నోబెల్ వచ్చింది.

మందులో దొంగ

నిర్మాణం తెలిస్తే ఒరిగేదేమిటి? ప్రాణాలు దక్కుతాయి! 2008 మొదట్లో అమెరికాలో డయాలసిస్ రోగులు, గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కొందరు ఉన్నట్టుండి రక్తపోటు పడిపోయి విలవిల్లాడారు. పదుల సంఖ్యలో మరణాలు నమోదయ్యాయి. అందరికీ ఇచ్చింది హెపారిన్ అనే రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. అప్పట్లో చేసే మామూలు పరీక్షలన్నీ ఆ మందు పాసైంది. ఎన్‌ఎంఆర్‌లో పెడితే మాత్రం ఉండకూడని చోట ఓ శిఖరం తొంగిచూసింది. హెపారిన్‌లాగే నటించే చవక పదార్థాన్ని చైనా నుంచి వచ్చిన ముడిసరుకులో ఎవరో కలిపేశారు. ఎంఐటీకి చెందిన రామ్ శశిశేఖరన్ సహా పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి దాని నిర్మాణం తేల్చారు. ఆ తర్వాత అమెరికా ఔషధ ప్రమాణాల్లో హెపారిన్‌కు ఎన్‌ఎంఆర్ పరీక్ష తప్పనిసరైంది.

పరీక్ష ఎలా ఉంటుందో తెలిసిన దొంగ దానికి తగ్గ వేషమే వేస్తాడు. కానీ ప్రతి పరమాణువునూ పలకరించే పరీక్ష ముందు వేషం నిలవడం కష్టం.

బయట 44... లోపల మైనస్ 269

కొత్త అణువు తయారుచేశానని చెప్పుకోవాలంటే, వరంగల్ నిట్‌ విద్యార్థి అయినా, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ పరిశోధకురాలైనా, పీహెచ్‌డీ పుస్తకంలో ఎన్‌ఎంఆర్ పటం జతచేయాల్సిందే. నెలలు కష్టపడితే వచ్చేది చిటికెడు తెల్లపొడి. అందులో కొన్ని మిల్లీగ్రాములు పెన్సిలంత సన్నటి గాజు గొట్టంలో కరగబెట్టి యంత్రంలోకి దించుతారు. పరీక్ష అయ్యాక పొడిని మళ్లీ తిరిగి తీసుకోవచ్చు. ఒక్క రవ్వ కూడా కాలిపోదు.

చూడ్డానికి పెద్ద స్టీలు పీపాలా ఉండే ఆ యంత్రం కడుపులో తీగచుట్ట ఉంటుంది. ఓరుగల్లు ఎండ 44 డిగ్రీలు దాటినా ఆ చుట్టను ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి. అప్పుడే అందులో విద్యుత్తు అడ్డూ ఆపూ లేకుండా ఏళ్ల తరబడి తిరుగుతుంది. విశ్వవిద్యాలయాల్లో తరచూ కనిపించే '400 మెగాహెర్ట్‌జ్' యంత్రం అయస్కాంత బలం 9.4 టెస్లాలు. అది భూమి అయస్కాంత బలానికి సుమారు రెండు లక్షల రెట్లు! అందుకే గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఆ దరిదాపులకు రానివ్వరు. ఏటీఎం కార్డు, తాళంచెవుల గుత్తి బయట పెట్టి వెళ్లాలి. ఇంకో తమాషా... ఆ యంత్రంలో కార్బన్-13 పలికేది 100 మెగాహెర్ట్‌జ్ దగ్గర. మన ఎఫ్ఎం రేడియో పాటలు వచ్చేదీ అక్కడే!

డబ్బా మీది అంకె

పత్తి రైతు దగ్గరికి మళ్లీ వద్దాం. 2002లో బీటీ పత్తి వచ్చింది. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు దానికీ లొంగడం మానేసింది. మరోవైపు ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనబావి, 2006లో రసాయన ఎరువులూ మందులూ లేని ఊరుగా ప్రకటించుకుంది. అలాంటి ఊళ్లలో వేపగింజల కషాయం మళ్లీ చేలలోకి వచ్చింది.

సొంతంగా కషాయం కాచుకునే తీరిక లేనివారు దుకాణంలో వేపమందు కొంటారు. డబ్బా మీద అజాడిరక్టిన్ 300 పీపీఎం, 1500 పీపీఎం, 10000 పీపీఎం అని రాసి ఉంటుంది. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలని. అంటే 10000 పీపీఎం డబ్బాలో అసలు మందు నూటికి ఒక్క పాలు, 300 పీపీఎంలో పదివేలకు మూడు పాళ్లు. ధర అడిగేముందు చూడాల్సిన అంకె అది. రోజువారీగా ఆ అంకెను కొలిచేది వేరే యంత్రం. కానీ దానికి ఓ కొలమానం, అంటే 'ఇదే నిఖార్సైన అజాడిరక్టిన్' అని తేలిన నమూనా కావాలి. అంత నిక్కచ్చిగా చెప్పగలుగుతున్నామంటే 1985లో తేలిన ఆ నిర్మాణమే ఆధారం. తూకంరాయి సరైనదైతేనే కదా తూకం సరిగ్గా ఉండేది! వేప బొమ్మ వేసి, బయో పేరు పెట్టి, లోపల వేరే రసాయనాలు కలుపుతున్నారన్న ఫిర్యాదులు తెలుగు నేలపై కొత్తవి కావు. వాటిని తేల్చేది కూడా కళ్లూ ముక్కూ కాదు, ఇలాంటి పరీక్షలే.

అన్నట్టు అజాడిరక్టిన్ ఎండకు త్వరగా చెడిపోతుంది. అందుకే కషాయమైనా, కొన్న మందైనా సాయంత్రం పూట కొట్టమంటారు. గింజలు నీడన ఆరబెట్టమనేదీ అందుకే.

నిర్మాణం తెలిశాక దాన్ని ప్రయోగశాలలో తయారుచేయాలన్న పంతం స్టీవెన్ లేకు పట్టుకుంది. 1985లో మొదలుపెడితే 2007లో పూర్తయింది. ఇరవై రెండేళ్లు! పదుల మంది పరిశోధకులు అందులో చెమటోడ్చారు. తాము చేసింది అసలైనదేనని వాళ్లు రుజువు చేసుకుందీ ఎన్‌ఎంఆర్‌తోనే. గాజు గొట్టంలో పుట్టిన అణువు శిఖరాలూ, చెట్టు ఇచ్చిన అణువు శిఖరాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి.

ఆ పనిని మన వేపచెట్టు ఏటా ఎండాకాలంలో చడీచప్పుడూ లేకుండా చేసేస్తుంది. ఈసారి జూన్‌లో చెట్టు కింద పండ్లు కనిపిస్తే తొక్కేసి వెళ్లకండి... ఒక్కో గింజలో ఇరవై రెండేళ్ల కష్టం ఉంది!